అసిరయ్య నెల

గాజు గొట్టంలో బియ్యపు గింజంత కండ ముక్క కొట్టుకుంటోంది.

ఆ పొద్దున బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన గుండెలోది అది. గుండె పైగదికి చెవిలా వేలాడే చిన్న సంచి ఉంటుంది. ఆపరేషన్‌లో దాని కొసను కత్తిరించి పారేస్తారు. ఆ పారేసే కొసను రోగి అనుమతితో మంచుపెట్టెలో తెచ్చుకుని, సన్నటి పోగులుగా చీల్చి, రెండు కొక్కేల మధ్య బిగించి, గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచి, ప్రాణవాయువు బుడగలు వదులుతూ, చీమ కుట్టినంత కరెంటుతో కొట్టుకునేలా చేయడం డాక్టర్ నూకరత్నం వృత్తి. కండ ఎంత బలంగా ముడుచుకుంటే తెర మీద గీత అంత ఎత్తు లేస్తుంది. ఈ పెద్దాయన గుండె బాగా అలిసిపోయినది. గీత వాన లేక వాలిపోయిన గడ్డిలా నేలకు అంటుకుని ఉంది.

"వెయ్యనా మేడమ్?" అంది షమీమ్. ఆమె గుండెజబ్బుల డాక్టరు. ఆసుపత్రి డ్యూటీ అయ్యాక విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఈ పరిశోధనశాలకు వచ్చి రత్నంతో కలిసి పనిచేస్తుంది.

"వెయ్యమ్మా."

ఒక్క చుక్క పడింది. కాసేపటికి గీత కదిలింది, లేచింది, నిటారుగా నిలబడింది. ముసలి కండ పసిబిడ్డ పిడికిలిలా ముడుచుకోవడం మొదలుపెట్టింది. షమీమ్ చేతిలోని సిరంజి పక్కన పెట్టి రత్నం భుజం పట్టుకుంది.

ఆ చుక్క పేరు శైశవిన్. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన కొత్తలోనూ మనిషి గుండె తన కోసం తానే తయారు చేసుకునే ఒక చిన్న పెప్టైడ్ హార్మోన్ అది. నడక వచ్చే వయసుకి గుండె దాన్ని మరిచిపోతుంది. రత్నం దాన్ని వెతికి పట్టుకుని, పేరు పెట్టి, చివరికి ముసలి గుండెకు మళ్లీ గుర్తు చేసింది.

అలవాటు ప్రకారం ఆఖర్న అడ్రినలిన్ కూడా వేసి చూశారు. భయం వేసినా సంతోషం కలిగినా ఒంట్లో ఊరే హార్మోన్ అది. ఏ గుండె ముక్కయినా దానికి ఎగిరిపడి తీరాలి. ఈ ముక్క ఎగరలేదు. అదే ఎత్తు, అదే లయ.

"రెండింటికీ వాకిళ్లు వేరు గానీ లోపల నడవ ఒకటే. నడవ నిండా శైశవిన్ కూర్చుంటే అడ్రినలిన్‌కు దారేది?" అంది రత్నం.

"మంచిదే కదా మేడమ్. దడ రాదు, లయ తప్పదు."

రత్నానికీ అది మంచిదనే తోచింది. ఇద్దరూ క్యాంటీన్‌కు వెళ్లి పెసరట్టు తిన్నారు. తింటున్నంతసేపూ రత్నం తన అన్నయ్య గురించే ఆలోచించింది.

అసిరయ్య ఆమెకు అన్న అన్నమాటే గానీ, పెంచినది అతనే. రత్నం మాట నేర్చేలోపే తల్లి పోయింది. తండ్రి గొర్రెల మందతో కొండలు పట్టుకుని తిరిగేవాడు. విజయనగరం అవతల నక్కవలసలో, పదిహేనేళ్ల అసిరయ్య చెల్లెలికి జడలు వేసి, అంబలి కాచి పోసి, బడికి దింపి, ఆ తర్వాత గొర్రెల వెంట వెళ్లేవాడు. గంగమ్మ పండగ వస్తే మాత్రం మనిషి ఇంకోలా అయిపోయేవాడు. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలు చుట్టి, రెండు చేతులా తన గుండె మీదే దరువు వేసుకుంటూ ఆడేవాడు. తప్పెటగుళ్ల దళంలో వాళ్లంతా ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కట్టేటప్పుడు అడుగున నిలబడేది అసిరయ్య, అతని భుజాలెక్కేది బంగారయ్య. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ జోడీ పేరు తెలుసు.

ఆట అయ్యాక అన్న ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. దరువు ఆగిపోయినా లోపల ఏదో ఇంకా ఆడుతూనే ఉండేది. "అన్నయ్యా, లోపలెవరు?" అని అడిగేదట చిన్న రత్నం. దానికి జవాబు వెతుక్కుంటూనే ఆమె ఇంత చదువూ చదివింది.

అసిరయ్యకు ఏదీ దాచుకోవడం చేతకాదు. ఆమె హాస్టలుకు బయలుదేరిన ప్రతిసారీ బస్టాండులో సోడా బండి వెనక్కి పోయి కళ్లు తుడుచుకునేవాడు. ఏడ్చిన సంగతి బండివాడి నవ్వే చెప్పేసేది. ఆమె పాసైందని తెలిస్తే ఊరంతా వినబడేలా ఈల వేసేవాడు. కోపం వస్తే దాకల మూతలు గాలిలో లేచేవి. మరుక్షణం వాటిని ఏరుకుంటూ తనే నవ్వేవాడు.

అలాంటి మనిషి అరవై దాటాక వాకిలి దాటలేకపోయాడు. గుండె కండ పలచబడిపోయింది. నాలుగడుగులకే ఆయాసం, కాళ్ల వాపు. తప్పెట చూరుకు వేలాడింది. మందులన్నీ అయిపోయాక, శైశవిన్‌ను మనుషుల మీద పరీక్షించే తొలి జట్టులో షమీమ్ అతన్ని చేర్చుకుంది. సొంతవాళ్ల వైద్యంలో తను చెయ్యి పెట్టకూడదన్న నియమాన్ని రత్నం కచ్చితంగా పాటించింది. దగ్గర కూర్చుని వివరం చెప్పడం మాత్రం ఆమె వంతయింది.

"చేతి చర్మం కింద చిన్న గొట్టం పెడతారన్నయ్యా. ఏడాదంతా అందులోంచి మందు ఊరుతుంది. ఒకటే తేడా. గుండె దడదడలాడదు."

"దడ నేకపోతే మంచిదే కదేటే?" అన్నాడు అసిరయ్య.

నెల తిరక్కుండానే అతను గొర్రెల వెంట కొండెక్కాడు. ఎక్కి దిగి ఫోన్ చేశాడు. "ఒలే రత్నాలూ, కొండెక్కీసి దిగీసినాను. ఆయాసం నేదు."

రత్నం ల్యాబులో గెంతినంత పని చేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏదో వెలితిగా అనిపించింది. కొండెక్కిన సంగతి చెప్పేటప్పుడు అన్నయ్య ఈల వేయలేదు. వేస్తాడనుకుని ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుంది కూడా.

వానలు తగ్గాక బంగారయ్య పాము కరిచి పోయాడు. రత్నం వెళ్లలేకపోయింది. ఆ వారంలో వదిన గౌరమ్మ ఫోన్ చేసింది.

"మీ అన్న ఏడవనేదు రత్నం. బంగారయ్యని పాడె మీదకెత్తినాడు, మోసినాడు, దించినాడు. ఇంటికొచ్చి తానం సేసి పాలకూర పప్పేసుకుని తిన్నాడు. మారు కూడా అడిగినాడు." "మనిషి బాగున్నాడమ్మా. నానేటీ అనను. నీ మందే ఆయన్ని నిలబెట్టింది. గానీ ఈ ఇంట్లో తిరగతన్నది ఎవులో నాకు తెలడం నేదు."

రత్నం ఆ మాట షమీమ్‌కు చెప్పింది. తొలి జట్టులో మిగతా వాళ్ల ఇళ్లకు ఫోన్లు చేశారు. అన్నిచోట్లా అదే కథ. ఒకాయన కొడుకు పెళ్లిలో పేపరు చదువుకున్నాడట. ఒకావిడ టీవీలో సీరియల్ చూడడం మానేసిందట, ఎందుకు చూడాలో తెలియక. ఎవరికీ బాధ లేదు. అదే విచిత్రం. బాధ పడుతున్నది చుట్టూ ఉన్నవాళ్లు.

"మనసుకి ఏదైనా అనిపిస్తే గుండె కొట్టుకుంటుందనుకున్నాం కదా మేడమ్," అంది షమీమ్. "మనసు కూడా గుండెను అడిగి తెలుసుకుంటుందేమో. కొట్టుకోకపోతే, ఏమీ జరగలేదులే అనుకుంటుందేమో."

ఏడాది పూర్తయింది. కొత్త గొట్టం పెట్టే ముందు కొన్ని వారాలు ఖాళీ వదలాలి. మందు ఆగిన కొద్ది రోజులకే నడవ ఖాళీ అయి అడ్రినలిన్‌కు మళ్లీ దారి దొరుకుతుంది. కండకు పట్టిన బలం మాత్రం నెలదాకా నిలిచి, ఆ తర్వాత జారిపోతుంది. కాయితం మీద అది చిన్న విరామం మాత్రమే. దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

ఒక పొద్దున అసిరయ్య దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతూ, పాత అలవాటు కొద్దీ, "ఒరే బంగారీ, ఆ తొట్టి ఇలా తొయ్యిరా" అన్నాడు. అన్నాక తల తిప్పి చూశాడు. బాల్చీ చేతిలోంచి జారిపోయింది. అతను గొర్రెల మధ్య మోకాళ్ల మీద కూలబడి అరిచిన అరుపుకి వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి విశాఖపట్నం వచ్చాడు. ల్యాబు గుమ్మంలో నిలబడ్డ అన్నను చూసి రత్నం గబగబా ఎదురెళ్లింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"బంగారి సచ్చిపోతే నాను మారడిగి తిన్నానే!" అన్నాడు. "ఆడి పెళ్లాం నా కాళ్ల కాడ పడి ఏడస్తంటే, పక్కకి జరిగి నిలబడ్డానే రత్నాలూ!"

రత్నం అతన్ని లోపలికి తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అన్న ఏడుస్తూ ఉంటే, సోడా బండి వెనక నిలబడే మనిషి తిరిగి వచ్చాడన్న సంతోషం ఆమె గొంతు దాకా వచ్చింది. అది వచ్చినందుకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఇద్దరూ సముద్రపు ఒడ్డున ఇసకలో కూర్చున్నారు. బంగారయ్య ముచ్చట్లు, నాన్న తాటాకు గొడుగు, ఒకసారి గోపురం కడుతూండగా వాన పడి అందరూ బురదలో కూలిన పండగ, ఒకటొకటిగా గుర్తు చేసుకున్నారు. అసిరయ్య ఏడుస్తూ మధ్యలో నవ్వాడు, నవ్వుతూ మళ్లీ ఏడ్చాడు. రత్నానికి ఆ ఏడాదిలో అంత హాయిగా ఎప్పుడూ లేదు.

"మందు మానేద్దామా అన్నయ్యా?"

"మానెస్తే?"

"మళ్లీ మంచం. తర్వాత..."

అసిరయ్య ఇసక పిడికిట పట్టి వదిలాడు. "మీ వదినకి నాను ఉండాల. కూతురు కనకం పెళ్లి సెయ్యాల. మందు పెట్టీ. గానీ ఏడాదికో నెల నా గుండె నాకిచ్చీ. నెలంటే నెల. మిగతాదంతా నువ్వే ఉంచుకో."

"సరే."

"అప్పుడు నాను వద్దంటాను సూడు. బాగానే ఉన్నాను, ఎందుకే తియ్యడం అంటాను. ఆడి మాట ఇనకు."

"ఎవడి మాట?"

"ఆడే. నెమ్మదిగా ఉంటాడు సూడు, ఆడి మాట."

అన్నట్టే అయింది. మరుసటి ఏడు గొట్టం తీసే వేళకి అసిరయ్య షమీమ్ ఎదుట చేతులు కట్టుకుని, "ఎందుకు డాక్టరమ్మా? నాకేటీ అవనేదు కదా" అన్నాడు, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా.

షమీమ్ రత్నాన్ని పక్కకు పిలిచింది. "ఏ అసిరయ్య మాట వినాలి మేడమ్? ఎదురుగా ఉన్నాయన వద్దంటున్నారు."

రత్నం అన్న దగ్గరికి వెళ్లింది. "నువ్వే కదన్నయ్యా మాట తీసుకున్నావు."

అతను ఆలోచించాడు. "తీసుకున్నాను. గుర్తుంది. ఎందుకు తీసుకున్నానో గుర్తు నేదు." తర్వాత చొక్కా చేయి పైకి మడిచాడు. "నీ ఇష్టం. తీసీ."

అలా ఏటా వేసవి చివర ఆ నెల వచ్చేది. నక్కవలసలో దానికి అసిరయ్య నెల అని పేరు పడిపోయింది. ఊరు ఊరంతా అతనికి చెప్పాల్సినవి దాచి ఉంచుకునేది. "ఇప్పుడే సెప్పకండి, ఆయన నెల్లో సెప్దాం" అనుకునేవారు. కనకం పెళ్లి ముహూర్తం ఆ నెలలోనే పెట్టారు. అప్పగింతల్లో తండ్రి ఏడ్చిన ఏడుపుకి పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. పక్కింటి సూరమ్మ అయితే దడి జరిపారన్న తగువును ఏడాదంతా అణిచిపెట్టుకుని ఆ నెలకే బయటికి తీసేది, తిడితే తిరిగి తిట్టే మనిషితో పోట్లాడితేనే రుచి అని. గంగమ్మ పండగ ముందుకు జరిగింది. షమీమ్ వద్దన్నా అసిరయ్య తప్పెట కట్టుకునేవాడు, గోపురంలో దూరకుండా వెనక వరసలో రెండు దరువులు వేసేవాడు. బంగారయ్య కొడుకు ముందు వరసలో ఆడుతుంటే చూసి ఈల వేసేవాడు.

రత్నం ఏటా ఆ నెలకు సెలవు పెట్టి ఊరెళ్లేది. తిరిగి వచ్చేటప్పుడు, మళ్లీ గొట్టం పెట్టించుకోవడానికి అన్న తన వెంటే బస్సెక్కేవాడు. ఆ ప్రయాణంలో కిటికీ లోంచి కనిపించిన ప్రతి చెరువునీ కొండనీ వేలు పెట్టి చూపించేవాడు, ఎక్కడికో దూరదేశం వెళ్తున్నట్టు.

కనకానికి ఆడపిల్ల పుట్టింది, అతని నెలకు చాలా ముందు. అసిరయ్య పిల్లను ఎత్తుకున్నాడు, ఉయ్యాల ఊపాడు, గుడ్డలు ఉతికాడు. ఎవరైనా అడిగితే "బాగుంది" అనేవాడు. గౌరమ్మ చూసి మొహం తిప్పుకునేది.

ఆ ఏడు గొట్టం తీశాక రత్నం అన్నతో పాటే ఊళ్లో ఉంది. ఒక ఉదయం అరుగు మీద కనకం పిల్లకు నలుగు పెడుతోంది. అసిరయ్య గొర్రెల దొడ్లోంచి పాలచెంబుతో వస్తూ ఆగిపోయాడు. చెంబు కింద పెట్టాడు. దగ్గరికొచ్చి చతికిలబడి, నూనె కారుతున్న ఆ మొహంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఓలమ్మా," అన్నాడు. "మాయమ్మ గెడ్డం వచ్చిందే దీనికి!"

రత్నం ముందుకు వంగింది. "అవునా? నాకు అమ్మ మొహం గుర్తు లేదన్నయ్యా."

"ఇదే. ఇలాగే సీలి ఉండీది మద్దిలో. నవ్వితే లోపలికి పోయీది." పిల్ల చేతిని తీసి కళ్లకద్దుకున్నాడు. "ఇన్ని నెలలు ఎత్తుకున్నాను గదే. ఇప్పుడు సూసినాను."

రత్నం పిల్ల గడ్డం మీద వేలు పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆమెకు అమ్మ ఎలా ఉండేదో తెలిసింది. అరుగు మీద అందరూ ఏడుస్తుంటే పిల్ల ఒక్కతే నవ్వింది, గడ్డం లోపలికి పోయేలా.

రెండు వారాలు గడిచేసరికి అసిరయ్య కాళ్లు వాచాయి. మునుపెన్నడూ ఆ నెలలో అలా కాలేదు. విశాఖపట్నం తీసుకొచ్చి పరీక్షలు చేశారు. షమీమ్ తెర మీద గుండెను చూపిస్తూ మెల్లగా చెప్పింది. ఖాళీ వదిలిన ప్రతిసారీ కండ కొంత బలం పోగొట్టుకుంటోంది. ఇప్పుడు గొట్టం పెడితే కోలుకుంటుంది. ఇంక తీయకపోతే చాలా ఏళ్లు నడుస్తుంది. మళ్లీ తీస్తే ఆ నెల దాటుతుందన్న నమ్మకం లేదు.

తన చేతిలో పుట్టిన మందు. అన్నకిచ్చిన మాట. ఏది నిలబెట్టాలో రత్నానికి తెలియలేదు.

"వచ్చే ఏడు కూడా తీస్తానన్నయ్యా," అంది చివరికి. "మాటిచ్చాను. ఏమైనా సరే."

"వద్దు," అన్నాడు అసిరయ్య. "ఆ మాట నానే ఎనక్కి తీసుకుంటన్నాను. ఇంక తియ్యొద్దు."

"నీకేమీ తెలీదన్నయ్యా అప్పుడు! పిల్ల నడిచినా, బడికెళ్లినా, పెళ్లయినా నీకేమీ అనిపించదు. బంగారయ్యప్పుడు ఎంత ఏడ్చావో మరిచిపోయావా?"

"మరిసిపోనేదు." అతను ఆయాసపడుతూ నవ్వాడు. "నాకు తెలకపోతే ఏటే? దానికి తెలస్తాది కదా తాతున్నాడనీసి. ఏలు పట్టుకుని నడవడానికి ఏలు ఉండాల. మాయమ్మ పోయినప్పుడు నీకు మాటే రానేదు. నీకెవులున్నారు, నాను తప్ప? ఆడున్నాడు సూడు, నెమ్మదోడు, ఆడు మంచోడే. ఆడి సేతిలో పసిగుంట పడిపోదు. అది ఏడిస్తే కంగారుపడడు. అన్నం టయానికి పెడతాడు. సాల్దా?"

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న గౌరమ్మ లోపలికి నడిచింది. అతని చొక్కా గుండీలు సరిచేసింది. చేసినవే మళ్లీ చేసింది.

మర్నాడు పొద్దున్నే చికిత్స గదిలో అన్నీ సిద్ధం చేశారు. అసిరయ్య బల్ల మీద పడుకున్నాడు. కిటికీ బయట సముద్రం ఎండకు మెరుస్తోంది. నియమం ప్రకారం రత్నం గది బయట ఉండాలి. ఆ రోజు షమీమ్ ఆమెకు తలుపు తీసి పట్టుకుంది.

రత్నం బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అన్న చేయి చల్లగా ఉంది, చెమట పట్టి ఉంది. షమీమ్ దూదితో మోచేతి పైన తుడుస్తుంటే అతను పైకప్పు వైపు చూస్తున్నాడు. గుండె చప్పుడు చూపించే యంత్రం తొందర తొందరగా మోగుతోంది.

"రత్నాలూ."

"ఊఁ."

"బయమేస్తందే."

రత్నం షమీమ్ వైపు చూసింది. షమీమ్ చేతిలోని గొట్టాన్ని పళ్లెంలో పెట్టి, వెళ్లి టీ తాగి వస్తానంటూ బయటికి నడిచింది.

"భయం వెయ్యనీ అన్నయ్యా," అంది రత్నం, అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని. "తొందరేం లేదు. ఇంకాసేపు వెయ్యనీ."